పెరిగే పిల్లకని పెట్టిన మడత

ఆ ఏడు బడులు తెరిచేలోపు నేను నలభై ఆరు గౌన్లు కుట్టాను. అన్నీ ఒకటే నీలం, ఒకటే కాలరు, ఒకటే నడుం పట్టీ. ఇరవై రోజులపాటు ఇల్లంతా నీలమే. మంచం మీద నీలం, కుర్చీల మీద నీలం. ఆఫీసుకెళ్లి చొక్కా దులుపుకుంటే నీలం పీచు రాలుతోందని మా ఆయన రోజూ సణిగేవాడు.

మా వీధుల్లో నా గౌనుకి ఒక పేరుంది. 'టైలరమ్మ గౌను రెండేళ్లు వస్తుంది' అంటారు. అందులో మంత్రమేం లేదు. కింద అంచు రెండంగుళాలు ఎక్కువ పెట్టి లోపలికి మడుస్తాను. ఆ మడతకి కుట్టు పెద్దదిగా, వదులుగా వేస్తాను. చివర ముడి వేయను. మరుసటేడు పిల్ల పొడుగయ్యాక దారం కొస పట్టుకుని లాగితే చాలు, మొత్తం ఊడొచ్చేస్తుంది. గుడ్డ మీద చిన్న చిల్లు కూడా కనపడదు. గట్టిగా కుడితే విప్పేటప్పుడు బ్లేడు పెట్టాలి, బ్లేడు పెడితే గుడ్డ తెగుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు, నా బుర్రలోంచి పుట్టిందే. అందుకని దాని మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

మా పిల్ల గౌనుకైతే నాలుగంగుళాలు మడిచాను. ఊళ్లోవాళ్ల పిల్లలకి రెండేళ్లు వచ్చినప్పుడు నా పిల్లకి మూడేళ్లయినా రావద్దా? తొడిగి అద్దం ముందు నిలబెట్టాను. దాన్ని మేం తొర్రి అని పిలిచేవాళ్లం. పై పళ్లు రెండూ ఊడి మూడు నెలలైంది, కొత్తవి వచ్చే జాడ లేదు. అది కింద అంచు పట్టుకుని తడిమి చూసింది.

"ఇక్కడ లావుగా ఉందేంటమ్మా?"

"నువ్వు పెరిగినప్పుడు గౌను కూడా పెరగాలిగా. అందుకని లోపల దాచిపెట్టా."

"లాగితే పెరుగుతుందా?"

"ఆఁ, పెరుగుతుంది. కదలకుండా నిలబడు."

ఆ మాట అన్నది నేనే. ఇంకెవరి మీదకీ తొయ్యడానికి లేదు.

బడి తెరిచిన రెండో వారం, బుధవారం పదకొండు గంటలప్పుడు ఫోనొచ్చింది. మీ పాప మెట్ల మీంచి పడింది, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, మీరు అక్కడికే రండి అన్నారు. ఎవరిదో లంగా మిషను మీద ఉంది, సూది అందులో దిగే ఉంది. అలాగే వదిలేసి పరిగెత్తాను. ఇంటికి తాళం వేశానో లేదో కూడా గుర్తులేదు.

తొర్రి బల్ల మీద పడుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, నోరు మాత్రం తెరుచుకుంటోంది. ఎడమ మోచెయ్యి ఉండాల్సిన వైపు లేదు. పక్కనే బడి ఆయమ్మ, దాని రెండో చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నర్సు కత్తెర తీసుకుని గౌను చెయ్యి కొయ్యబోతోంది. అప్పుడు నా నోట్లోంచి మొట్టమొదట వచ్చిన మాట ఏంటంటే:

"కుట్టు మీద కొయ్యండి."

నర్సు తలెత్తి చూసింది. "ఏంటమ్మా?"

"ఏం లేదు. కొయ్యండి, కొయ్యండి."

పిల్ల చెయ్యి విరిగి పడుంటే దాని తల్లికి గుడ్డ గుర్తొచ్చింది. నర్సుకి అర్థం కాలేదు. ఆయమ్మకి అర్థమైంది. ఆమె నావైపు చూసి కళ్లు దించుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అంతలో మా ఆయన వచ్చాడు. తల మీద హెల్మెట్టు, చంకలో రీడింగుల పుస్తకం. ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసే ఉద్యోగి. పదిహేనేళ్లుగా గేట్ల బయట నిలబడి "మీటరండీ" అని అరవడమే పని. తలుపు సగమే తీస్తారు. కూర్చోమన్నవాళ్లు లేరు. కుక్కలకి మాత్రం ఆయన బాగా తెలుసు. ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అలాంటివాడు ఆ రోజు వార్డంతా తిరిగి చూసేలా అరిచాడు.

"ఎవరున్నారు అక్కడ? పిల్ల పడుతుంటే ఎవరు చూస్తున్నారు?"

ఆయమ్మ చెయ్యెత్తింది, తరగతిలో పిల్లలు ఎత్తినట్టు. "నేనున్నాను బాబూ. కింద మెట్టు దగ్గర ఇంకో పిల్లకి బూటు లేసు కడుతున్నాను."

"లేసు కడుతున్నావా! నా పిల్ల దొర్లుకుంటూ వస్తుంటే నువ్వు లేసు కడుతున్నావా!"

"తప్పే బాబూ."

ఆమె అంత తేలిగ్గా ఒప్పేసుకునేసరికి మా ఆయన హెల్మెట్టు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

మరునాడు మధ్యాహ్నం కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాం. పిల్ల పడుకుంది. ఆయన సెలవు చెప్పి రావడానికి ఆఫీసుకి వెళ్లాడు. ఆసుపత్రిలో ఇచ్చిన కవరు విప్పి, చెయ్యి అతికిస్తే గౌను పనికొస్తుందేమో చూద్దామని బయటికి తీశాను.

కళ్లు పడ్డది చెయ్యి మీద కాదు, కింద అంచు మీద. నాలుగంగుళాల మడత సగం చుట్టూ ఊడిపోయి సంచిలా వేలాడుతోంది. దారం కొస బారెడు బయటికి వచ్చి ఉంది. సంచి లోపలివైపు, బూటు ముక్కు దూరి సాగదీసిన చోట, మట్టి మరక. మెట్టు దిగబోయి కాలు ముందుకు వేసింది, కాలు గౌనులో ఇరుక్కుంది. చేత్తో పట్టుకున్నంత స్పష్టంగా తెలిసిపోయింది నాకు. ఊడిన చోట మధ్యలో ఒక పిన్నీసు ఉంది, వంగిపోయి నోరు తెరుచుకుని. అది నాది కాదు. నా దగ్గరున్నవన్నీ రంగు పూసల గుండుసూదులు.

"అమ్మా."

తొర్రి లేచి నా చేతిలో గౌను చూస్తోంది. కళ్లు పెద్దవి చేసుకుంది.

"నేనే లాగాను," అంది మెల్లిగా. "రోజూ కొంచెం. మేడం లెక్కలు చెప్పేటప్పుడు."

"ఎందుకే?"

"లైన్లో నేనే ముందు నిలబడాలి, అందరికన్నా పొట్టని. గౌను పెరిగితే వెనక్కి పంపిస్తారుగా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. రెండూ మింగేశాను.

"నాన్న కొడతాడా?"

"నాన్న ఎందుకు కొడతాడు?"

"మరి చెప్పేదా నాన్నకి?"

ఎంతసేపు ఆలోచించానని? ఒక్క క్షణం కూడా లేదు. "వద్దు," అన్నాను.

"మరి ఎప్పుడు చెప్పాలి?"

"నేను చెప్పమన్నప్పుడు."

"సరే," అని తొర్రి పళ్లు చూపిస్తూ నవ్వింది. తన తప్పు అమ్మ దాస్తోందని దానికి సంబరం. దాని వెనక నేను నాది దాచుకున్నానని ఆరేళ్ల పిల్లకి ఏం తెలుసు? గౌను మడిచి మిషను సొరుగులో అట్టడుగున, పాత గుడ్డ ముక్కల కింద కుక్కేశాను. సొరుగు పూర్తిగా మూసుకోలేదు. మోకాలితో తోసి మూశాను.

ఆ సాయంత్రం నుంచి మా ఇంటికి జనం మొదలయ్యారు. మూల మీద మందుల షాపు నడిపే ఆవిడ మొదట వచ్చింది. వాళ్ల పిల్లదీ తొర్రి తరగతే. తర్వాత ఇద్దరు, ముగ్గురు, ఆ తర్వాత కుర్చీలు చాలలేదు. అందరూ మా ఆయన చుట్టూ కూర్చుని, "మీరు చెప్పండి సార్, ఏం చేద్దాం?" అన్నారు. సార్ అన్న మాట విని ఆయన వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అంటున్నారేమోనని.

"చెయ్యి విరిగింది, రెండు పళ్లు పోయాయి," అన్నాడు ఆయన గొంతు సవరించుకుని.

"పళ్లు ముందే ఊడాయండి," అన్నాను వంటింట్లోంచి.

"ఆఁ, అంటే, పోయి ఉండేవి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. వాళ్లందరికీ పిల్లలున్నారు, అందరి కడుపులోనూ అదే భయం ఉంది.

ఒక కాగితం రాశారు. మెట్ల పక్కన, పిల్లలు పట్టుకుని దిగడానికి అందే ఎత్తులో ఇంకో పట్టె పెట్టించాలి. ఇంకో ఆయాని పెట్టాలి. ఇప్పుడున్న ఆయాని వెంటనే తీసెయ్యాలి. మూడు మాటలు, కింద సంతకాలు. ఆయన రాత ముత్యాల్లా ఉంటుంది. ఒకచోట తరగతి తప్పు రాసి, దాని మీద ఒకే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టాడు.

"దిద్దేస్తే పోదా?" అంది మందుల షాపావిడ.

"దిద్దకూడదమ్మా. మా ఆఫీసు పద్ధతి. రీడింగు తప్పు రాస్తే గీత కొట్టి సంతకం చెయ్యాలి. తప్పూ కనపడాలి, ఎవరు చేశారో కూడా కనపడాలి."

అందరూ తలలూపారు. వంటింట్లో నా చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

మిగతా నలభై అయిదు గౌన్లూ ఆ మెట్ల మీదే ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. వాటికి రెండంగుళాలే, నిజమే. అయినా కుట్టు అదే కుట్టు, దారం కొస అదే కొస. ఏ పిల్ల ఏ లెక్కల పీరియడులో లాగుతుందో ఎవరికి తెలుసు? నిజం చెప్పి అందరినీ ఒక్క రోజులో పిలవచ్చు. చెప్పలేదు. ఇంటింటికీ వెళ్లి, "ఈసారి బొత్తాలు నాసిరకం వచ్చాయండీ, మార్చిస్తాను, గౌను ఇవ్వండి," అన్నాను.

అలా ఆ రెండు వారాలు నేనూ మా ఆయనా ఒకే వీధుల్లో తిరిగాం. ఆయన సంతకాలకి, నేను గౌన్లకి. ఆయన ముందు వెళ్లి బడి నిర్లక్ష్యం గురించి చెప్పి వచ్చేవాడు, నేను వెనకాల వెళ్లి బొత్తాలంటూ నిలబడేదాన్ని. ఇదివరకు సగం తీసిన తలుపులు ఆయనకి బార్లా తెరుస్తున్నారు. "లోపలికి రండి సార్, కూర్చోండి సార్." ఇంటికొచ్చి ఏ ఇంట్లో ఏ కుర్చీలో కూర్చున్నాడో నాకు చెప్పేవాడు. ఒకళ్లింట్లో ఊగే కుర్చీ వేశారట. చెబుతూ చిన్నపిల్లాడిలా ఊగి చూపించాడు.

నేను మధ్యాహ్నాలు తలుపేసుకుని అంచులు విప్పి గట్టిగా కుట్టేదాన్ని. బొత్తాలు కూడా మార్చాలి కదా, అబద్ధం చెప్పాక దానికి తగ్గ చాకిరీ కూడా చెయ్యాలి. ఒకరోజు ఆయన హఠాత్తుగా వచ్చాడు.

"బొత్తాలన్నావు, అంచు కుడుతున్నావేంటి?"

"చేతిలో ఉందిగా. ఒక కుట్టు వేస్తే ఏం పోయింది?"

"మన పిల్ల మంచంలో ఉంటే ఊరి పిల్లల మీద నీకెంత ప్రేమో," అన్నాడు. మెచ్చుకునే అన్నాడు. ఆ మెప్పు నన్ను తన్నినట్టు తగిలింది.

ఆయమ్మ వచ్చింది ఆ మరుసటి రోజే, ఆయన లేని వేళ చూసుకుని. గడప బయటే నిలబడింది. మెడలో తాడు, తాడుకి బడి తాళాల గుత్తి. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సారు చూస్తే బాగోదు. పిల్లని ఒకసారి చూసి పోతాను."

తొర్రి మంచం మీంచి, "ఆయమ్మా, నా కట్టు మీద బొమ్మ గియ్యి," అని అరిచింది. అరిచి మంచం దిగి వచ్చింది. ఆమె గడప దగ్గరే వంగి, పిల్ల కట్టు మీద పెన్నుతో కోడిలా కనిపించే పిల్లిని గీసింది. తొర్రి దాన్ని చూసుకుంటూ కూర్చుంది. నేను సొరుగులోంచి పిన్నీసు తీసి ఆయమ్మ చేతిలో పెట్టాను.

"ఇది నీదేనా?"

ఆమె పిన్నీసు వంక, నా వంక చూసింది. "నాదే. పొద్దున లైన్లో చూశాను, అంచు జారి వేలాడుతోంది. ఒక్కటే పిన్ను ఉంది నా దగ్గర. ఇంకోటి ఉంటే రెండువైపులా పెట్టేదాన్ని. ఆ ఒక్కటీ పెట్టకపోయినా బాగుండేదేమో, గుడ్డ మొత్తం జారిపోయి ఊరుకునేది. పెట్టబట్టే కాలు ఇరుక్కుందేమో."

"మరి చెప్పలేదేం ఎవరికీ?"

"ఏమని చెప్పను? పిల్ల తల్లే కుట్టిన గౌనని పిల్ల తండ్రికి చెప్పనా? చూశానుగా, చూశాక చెయ్యి పట్టుకుని దింపాలిగా. పట్టుకోలేదు. నాదే."

"నీ పని పోతుంది ఆయమ్మా."

"పోతే ఎక్కడో గిన్నెలు తోముకుంటాను. నీ కుట్టు ఊడిపోయే కుట్టంటే నీ దగ్గరికి ఎవరొస్తారు?" అంది. మళ్లీ తనే, "అలాగని నాకు కోపం లేదనుకోకు. ఉంది. పదకొండేళ్లు చేశాను అక్కడ. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు," అంది. పిన్నీసుని పంటితో సరిచేసి తాళాల పక్కన తగిలించుకుంది. "ఇది నేనే పట్టుకుపోతాను. నాకిదొక్కటే ఉంది."

ఆమె వీధి మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. ఇంట్లోకి వస్తే మిషను, మిషను కింద సొరుగు. బయటికి వెళ్తే అన్ని గుమ్మాల్లో నీలం గౌన్లు.

మీటింగు శనివారం. శుక్రవారం సాయంత్రం ఆయన తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. పెళ్లప్పుడు కూడా అంత శ్రద్ధగా చేసుకుని ఉండడు. ఇప్పుడు చెప్పేస్తానని పక్కన నిలబడ్డాను.

"ఏవండీ, ఆయమ్మని తీసెయ్యడం దేనికండీ? పట్టె పెడతామన్నారుగా, అది చాలదూ?"

"చాలదు."

"ఒకవేళ ఆమె తప్పు కాకపోతే?"

"తనే ఒప్పుకుంది కదే. ఇంకెవరి తప్పు?"

నోరు తెరిచాను. ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు నమ్మవు గానీ, పదిహేనేళ్లలో నన్నెవరూ ఏమీ అడగలేదు. మీటరెంత తిరిగింది అని తప్ప. ఇప్పుడు ముప్పై తొమ్మిది ఇళ్లవాళ్లు నేను చెప్పిన మాట మీద సంతకం పెట్టారు. పిల్లకి దెబ్బ తగిలి నేను సంతోషపడుతున్నాననుకోకు. కానీ పిల్ల కోసం ఏదో ఒకటి చేశానని ఉంటుంది నాకు. అంతే."

"కాలర్ మాడుతుంది చూసుకోండి," అన్నాను.

శనివారం బడిలో పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లం కూర్చున్నాం, మోకాళ్లు గడ్డానికి ఆనుతుంటే. ఎవరు కదిలినా బెంచీ కిర్రుమంటోంది. పెద్దమేడం పక్కన ఒక్కటే పెద్ద కుర్చీ, అందులో మా ఆయన. ఆయమ్మ తలుపు దగ్గర నిలబడింది. తొర్రి నా ఒళ్లో ఉంది. నా కాళ్ల దగ్గర సంచి, సంచిలో గౌను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు సొరుగు లాగి తెచ్చేశాను. తెచ్చానే గానీ ఎందుకు తెచ్చానో తేల్చుకోలేదు.

మా ఆయన కాగితం చదివాడు. చక్కగా చదివాడు. పెద్దమేడం మొదటి రెండూ ఒప్పుకుంది. మూడోదానికి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"సోమవారం నుంచి ఈవిడ రారు. ఏమమ్మా, నువ్వేమైనా చెప్పుకుంటావా?"

"ఏముంది మేడం. నా కళ్ల ముందే పడింది. నా తప్పే," అంది ఆయమ్మ.

నా చెయ్యి సంచి దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. ఆ గదిలో మా ఆయన ఆ కుర్చీలో ఉన్నాడు. గుమ్మం దగ్గర ఆమె ఉంది. మధ్యలో నేను, మోకాళ్లు లేవనీయని ఆ చిన్న బెంచీలో. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అంతా అయిపోతుంది, ఇంటికి పోవచ్చు. ఊరుకుందామనే అనుకున్నాను. అబద్ధం చెప్పను.

తొర్రి తల వెనక్కి వాల్చి నా చెవి దగ్గర గుసగుసగా అడిగింది. దాని గుసగుస గదంతా వినపడుతుంది, పళ్లు లేవుగా.

"అమ్మా, ఇప్పుడు చెప్పొచ్చా?"

అందరూ తిరిగారు. మా ఆయన ముందుకు వంగాడు, ముఖమంతా నవ్వు చేసుకుని.

"చెప్పు తల్లీ. భయపడకు. ఏం జరిగిందో అందరికీ చెప్పు."

"అమ్మ చెప్పమంటేనే," అంది తొర్రి.

ఆయన నావైపు చూశాడు, ఇంకా నవ్వుతూనే. నేను పిల్లని దింపి లేచాను. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"అది కాదు చెప్పాల్సింది. నేను," అని గౌను తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. అంచు జారి వేలాడింది. "ఇది నేను కుట్టింది. విప్పడానికి తేలిగ్గా ఉండాలని వదులు కుట్టు వేశాను, చివర ముడి వెయ్యలేదు. పిల్లకి తెలియదు, లాగింది. ఇందులో కాలు ఇరుక్కుని పడింది. ఆయమ్మ పొద్దున్నే చూసి తన పిన్నీసు పెట్టింది. నాకిది మర్నాడే తెలుసు."

ముందుగా మందుల షాపావిడకి మాటొచ్చింది.

"అయితే ఆ బొత్తాలు?"

"బొత్తాలు బాగానే ఉన్నాయండీ."

"మా పిల్ల గౌను కూడా ఇలాగే...?"

"ఇప్పుడు గట్టిగా ఉంది. అన్నీ గట్టిగా కుట్టేశాను."

"కుట్టేదాకా మా పిల్లలు అవే వేసుకుని ఈ మెట్లు దిగారు కదే! తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా?"

"కూర్చున్నాను," అన్నాను.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. నేను ఒక్కరి మాటా వినలేదు. మా ఆయన్నే చూస్తున్నాను. ఆయన ముఖంలో నవ్వు పోయింది, కానీ పోవడానికి చాలా సేపు పట్టింది. జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని మూడో మాట మీద ఒకే ఒక్క గీత కొట్టాడు. తిన్నగా కొట్టాడు. పక్కన సంతకం పెట్టాడు. కాగితం పెద్దమేడం ముందుకి జరిపి, "మొదటి రెండూ అలాగే ఉన్నాయండీ," అన్నాడు. పెద్ద కుర్చీలోంచి లేచి, పిల్లని ఎత్తుకుని నా పక్కనుంచే బయటికి వెళ్లిపోయాడు. నావైపు చూడలేదు.

ఆయమ్మ తలుపు దగ్గర నన్ను ఆపింది. కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం మారలేదు. "పిన్ను సంగతి చెప్పకుండా ఉండాల్సింది. ఇంక రోజూ అందరికీ పిన్నులు పెట్టమంటారు నన్ను."

ఆయమ్మ పని నిలిచింది. మెట్లకి పట్టె వచ్చింది. నా దగ్గరికి రావడం చాలామంది మానేశారు. కొందరు ఇచ్చిన గుడ్డలు కొలతలతో సహా వెనక్కి తీసుకెళ్లారు. మందుల షాపావిడ ఇప్పటికీ నాకు మందు ఇస్తుంది గానీ మాట ఇవ్వదు. తొర్రి కట్టు విప్పారు, చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది. పై పళ్లు రెండూ వచ్చాయి, పలుగుల్లాంటివి.

మా ఆయన మాత్రం నాతో మాట్లాడలేదు. కొట్టలేదు, తిట్టలేదు, అన్నం మానలేదు. ఏం కావాలన్నా పిల్ల ద్వారానే. "మీ అమ్మని నీళ్లిమ్మను." "మీ అమ్మతో చెప్పు, నేను వెళ్తున్నాను." తొర్రి ఇద్దరి మధ్యా పరిగెత్తి పరిగెత్తి విసిగిపోయి, "మీరిద్దరూ ఒకే గదిలో ఉన్నారు!" అని అరిచింది ఒకరోజు. వీధుల్లో మళ్లీ సగం తలుపులే తెరుస్తున్నారని నాకు తెలుసు. కుర్చీల సంగతి ఆయన చెప్పడం మానేశాడు. అది నేను చేసిన పనే. పిల్ల చెయ్యి విరగడం కూడా నేను చేసిన పనే. రెండూ ఒకే ఇంట్లో పెట్టుకుని, ఒకే మంచం మీద అటు తిరిగి ఒకరం, ఇటు తిరిగి ఒకరం పడుకున్నాం.

పందొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున, ఆయన తన ఖాకీ ప్యాంటు తెచ్చి మిషను మీద పెట్టాడు. నేను తలెత్తాను.

"కాలి దగ్గర మడత ఊడింది," అన్నాడు నాతోనే.

"ఇటివ్వండి."

"చివర ముడి వెయ్యి."

కుట్టాను. దగ్గర దగ్గరగా కుట్టాను, ముడి వేశాను, దారం పంటితో తెంపి ఇచ్చాను. ఆయన ప్యాంటు వెలుతురులోకి పట్టుకుని, నా ఎదురుగానే, దారం కొస వేళ్లతో పట్టుకుని గట్టిగా లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. అప్పుడు తొడుక్కున్నాడు.

ఇది జరిగి తొమ్మిదేళ్లయింది. తొర్రి ఇప్పుడు నాకన్నా పొడుగు. ఇప్పటికీ నా చేతి నుంచి తన బట్ట ఏది వెళ్లినా ఆయన ఒకసారి అంచు లాగి చూసే తొడుక్కుంటాడు. నేను చూస్తూ నిలబడతాను.